బానెట్టు కింద చప్పుడు

అంబాసిడర్ కారు స్టార్టు చేసి, గేరు వెయ్యకుండా, ఆక్సిలరేటరు తొక్కకుండా వదిలేశామనుకుందాం. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతోంది. అంటే క్రాంకుషాఫ్టు సెకనుకి 10 చుట్లు. ఉన్నవి నాలుగు సిలిండర్లు. ఒక్కోదాంట్లో రెండు చుట్లకి ఒకసారి పెట్రోలు అంటుకుంటుంది కనుక సెకనుకి 20 మంటలు. ఎనిమిది వాల్వుల్లో ఒక్కోటీ సెకనుకి 5 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది కనుక మూతపడే దెబ్బలే 40. ఒక్కో పిస్టనూ సెకనుకి 20 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. వీటికి తోడు టైమింగ్ చైను, డిస్ట్రిబ్యూటరు పళ్లు, పెట్రోలు పంపు, డైనమో, వాటర్ పంపు, ఫ్యాను. కారు ఇంకా అంగుళం కూడా కదల్లేదు.

ఇన్ని దెబ్బల మధ్య నిన్న లేని దెబ్బ ఒకటి వచ్చి చేరుతుంది. అది ఏ భాగానిదో పట్టుకోవడమే ఈ అధ్యాయం విషయం. గట్టిగా ఉందని భయపడటం, మెత్తగా ఉందని ధైర్యంగా ఉండటం రెండూ తప్పుదారి పట్టించేవే. చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే తగ్గుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది అని ఒక్కొక్కటిగా అడుగుతూ పోతే ఇంజను తానే జవాబు చెబుతుంది.

అంబాసిడర్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా తయారుచేసిన ఈ కారుకి మాతృక ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మూడో సిరీసు. ఇందులో దశాబ్దాల పాటు నడిచింది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజను. 1489 సీసీ, సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టను పైనుంచి కిందకి నడిచే దూరం 88.9 మిల్లీమీటర్లు. ఒకప్పుడు మన జిల్లాల్లో కలెక్టరు గారి కారూ అదే, స్టేషను బయట నిలబడే టాక్సీ కూడా అదే. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. బానెట్టు ఎత్తితే ఇంజను పక్కసందుల్లోంచి నేల కనబడుతుంది. కళ్లూ చెవులూ చేతులూ ఉన్నవాడు శాస్త్రాన్ని ప్రయోగించి చూడటానికి ఇంతకంటే మంచి యంత్రం దొరకదు.

2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా రిజిస్టరు చేసే నిబంధనలు తెచ్చింది. 1970ల మొదట్లో వచ్చిన అంబాసిడర్లు ఆ వయసు దాటేశాయి. కొత్తవి రావు, అసలు విడిభాగాలు నానాటికీ అరుదవుతున్నాయి. చప్పుడు సరిగ్గా వినకుండా ఇలాంటి కారు ఇంజను దించెయ్యడం నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి అరిగి సర్దుకున్న భాగాలు విప్పి మళ్లీ బిగిస్తే అదే పొందికతో కూర్చోవు. ఒక గ్యాస్కెట్టు మారిస్తే పోయే చప్పుడు కోసం బాగున్న బోరుకి బోరింగు చేయించిన యజమానులు ఉన్నారు.

ముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, దెబ్బ తగిలేది ఒకచోట, మోగేది ఇంకోచోట. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి వింటారు. వాళ్లు వినేది కుండని, వేలిని కాదు. ఇంజనులోనూ అంతే. వాల్వు, దాన్ని నొక్కే రాకరు మధ్య తగిలే చిన్న దెబ్బ (టాపెట్ల మోత అనేది దీన్నే) పైనున్న పల్చటి రేకు మూతని మోగిస్తుంది కనుక టిక్కుటిక్కుమని సన్నగా, స్పష్టంగా వినిపిస్తుంది. క్రాంకుషాఫ్టు మెయిన్ బేరింగులో తగిలే దెబ్బ అంతకు ఎన్నో రెట్లు బలమైనదే. కానీ దాని చుట్టూ ఉన్నది బరువైన పోత ఇనుము దిమ్మ, అడుగున నూనె. అందుకే అది దబ్ దబ్ మని బరువుగా, దూరంగా ఉన్నట్టు వినిపిస్తుంది.

దీనికి మన చెవి గుణం కూడా తోడవుతుంది. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని బడిలో చదువుకుంటాం. కానీ అంతటా ఒకేలా వినదు. 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో అతి చురుగ్గా ఉంటుంది, 100 హెర్ట్జ్ దగ్గర మందగిస్తుంది. టాపెట్ల టిక్కుటిక్కు సరిగ్గా ఆ చురుకైన చోట పడుతుంది. మెయిన్ బేరింగు మోత మందమైన చోట పడుతుంది. కాబట్టి నిరపాయమైన చప్పుడు పెద్దదిగా, ఇంజనుని ముంచేసే చప్పుడు చిన్నదిగా తోస్తుంది. కొత్తగా కారు కొన్నవాళ్లు టాపెట్ల మోత విని కంగారుపడి, దాని వెనకున్న దబదబని వదిలేయడానికి కారణం ఇదే.

చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో పట్టుకోవడమూ తేలిక కాదు. రెండు చెవులకీ శబ్దం చేరే కాలంలో తేడా, తీవ్రతలో తేడా చూసి మెదడు దిక్కుని లెక్కగడుతుంది. 200 హెర్ట్జ్ శబ్దపు తరంగం గాలిలో సుమారు 1.7 మీటర్ల పొడవుంటుంది. అది తలని చుట్టుకుని రెండు చెవులకీ దాదాపు ఒకే బలంతో చేరుతుంది. పైగా బానెట్టు రేకు, పక్క రేకులు దాన్ని అటూఇటూ తిప్పికొడతాయి. లోహం లోపల శబ్దం గాలిలోకన్నా పది రెట్లకు పైగా వేగంగా పరుగెత్తి దిమ్మంతా పాకిపోతుంది. వట్టి చెవితో నిలబడి "ఇది వెనకనుంచి వస్తోంది" అని చెప్పే మాటని అంత నమ్మకూడదు.

అందుకే పాత మిస్త్రీలు పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కిపెడతారు. ఇందులో పాండిత్యమంతా భౌతికశాస్త్రానిదే. లోహంలో వస్తున్న ధ్వని గాలి అంచుకి చేరగానే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. ఇనుములోంచి తిన్నగా గాలిలోకి దాటే శక్తి పదివేల వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. స్క్రూడ్రైవరు ఆనిస్తే మధ్యలో గాలి లేని దారి ఏర్పడుతుంది: ఇనుము, పిడి, ఎముక. 1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కాగితాలని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద పెట్టి, వట్టి చెవి ఆనించినప్పటికంటే స్పష్టంగా విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మెకానిక్కుల కోసం ఈ రోజు దొరికే స్టెతస్కోపుకి చివర బిళ్ల బదులు సన్నటి ఉక్కు ఊచ ఉంటుంది. ఏది వాడినా పద్ధతి ఒకటే. బాగుందని తెలిసిన చోట మొదట విని, ఆ శబ్దాన్ని గుర్తుంచుకుని, తర్వాత అనుమానం ఉన్న చోటికి రావాలి. పోల్చుకోవడానికి ఏమీ లేకుండా వింటే అన్ని చోట్లా బేరింగు పోయినట్టే ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: చొక్కా చేతులు మడవాలి, ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉండాలి.

ఎక్కడ అన్న ప్రశ్న తర్వాత ఎన్నిసార్లు అన్న ప్రశ్న. కామ్‌షాఫ్టు క్రాంకుషాఫ్టు వేగంలో సగంతో తిరుగుతుంది. కామ్‌షాఫ్టు నడిపే ప్రతి భాగమూ, అంటే వాల్వులూ, టాపెట్లూ, ఇంజను పక్కన ఉండే పెట్రోలు పంపూ, రెండు చుట్లకి ఒకసారి కొడతాయి. వదులైన ఫ్లైవీలు, ముందున్న పుల్లీ చుట్టుకి ఒకసారి కొడతాయి. ఈ తేడా చెవికి అందకపోతే టైమింగ్ లైటు అందిస్తుంది. ఒకటో సిలిండరు ప్లగ్గు వైరుకి తగిలిస్తే అది రెండు చుట్లకి ఒకసారి మెరుస్తుంది. మెరుపుకి ఒక దెబ్బ వినిపిస్తే కామ్‌షాఫ్టు లెక్క, రెండు దెబ్బలు వినిపిస్తే క్రాంకు లెక్క. లైటు లేనివాళ్లు ఫోన్లో రికార్డు చేసి నాలుగో వంతు వేగంతో వింటే దెబ్బలు లెక్కపెట్టుకోవచ్చు. అయితే పిస్టన్‌కీ కనెక్టింగ్ రాడ్డుకీ సంబంధించిన చప్పుళ్లు కూడా మంట వేళకే, అంటే రెండు చుట్లకి ఒకసారే వచ్చే అవకాశం ఎక్కువ. కనుక లెక్క ఒక్కటే చాలదు. వేడినీ, భారాన్నీ మార్చి చూడాలి.

వేడి సంగతి. పొద్దున్నే స్టార్టు చెయ్యగానే టకటకమని పొడిగా కొట్టి, ఇంజను వేడెక్కాక మాయమయ్యే చప్పుడు పిస్టన్ ఊగడం వల్ల రావచ్చు. పిస్టన్ అల్యూమినియం, బోరు పోత ఇనుము. ఒక్కో డిగ్రీకి అల్యూమినియం ఇనుముకి రెండింతలు వ్యాకోచిస్తుంది. రెండూ 80 డిగ్రీలు వేడెక్కాయనుకుంటే 73 మిల్లీమీటర్ల పిస్టన్ సుమారు 0.13 మిల్లీమీటర్లు పెరుగుతుంది, బోరు 0.06 దాకా పెరుగుతుంది. మధ్యనున్న సందు 0.07 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. అరిగిన బోరులో పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు పక్కగోడని కొడుతూ, వేడెక్కాక సర్దుకుని కూర్చుంటుంది. చల్లటి ఇంజనుని రేజ్ చెయ్యకుండా ఉంటే ఇలాంటి కారు ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది.

బేరింగుల వ్యవహారం దీనికి తలకిందులు. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి మోతని అణిచిపెడుతుంది, వేడెక్కిన కొద్దీ పల్చబడి మోత బయటపడుతుంది. ఎందుకో తెలియాలంటే 1883 నాటి ఒక ప్రయోగం దగ్గరికి వెళ్లాలి. ఇంగ్లండులో బోషాంప్ టవర్ రైల్వే ఇరుసుల బేరింగుల మీద పరీక్షలు చేస్తున్నాడు. నూనె పోయడానికి బేరింగు పైభాగంలో ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి పొంగింది. బిరడా పెడితే దాన్నీ తోసేసింది. అక్కడ ప్రెషరు గేజి అమర్చి చూస్తే, ఇరుసు మీది సగటు భారం కన్నా ఎక్కువ ఒత్తిడి నూనెలో ఉన్నట్టు తేలింది. తిరిగే ఇరుసు నూనెని బేరింగు కిందికి ఈడ్చుకొస్తే, బేరింగు ఆ పొర మీద తేలుతోందన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం కట్టాడు. అంబాసిడర్‌లో కనెక్టింగ్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండు బేరింగులోనూ జరిగేది ఇదే. కొత్తగా ఉన్నప్పుడు అక్కడి సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకి అటూఇటూ ఉంటుంది. అది అరిగి పెద్దదైతే నూనె పక్కలకి కారిపోతుంది, పొర నిలబడదు, లోహం లోహాన్ని కొడుతుంది.

ఆ దెబ్బ బలం ఎంతో చూద్దాం. నిమిషానికి 3000 చుట్ల దగ్గర పిస్టన్ తన నడక పై చివర ఆగి వెనక్కి మళ్లేటప్పుడు దాని మీద పడే త్వరణం గురుత్వాకర్షణకి 400 రెట్లకు పైగా ఉంటుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు మండుతున్న వాయువులు ఒక్కో పిస్టన్‌ని టన్నుకి పైగా బలంతో కిందికి నెడతాయి. సందున్న బేరింగు ఈ బలాలని రాడ్డు ఒక అంచు నుంచి రెండో అంచుకి దూకే ప్రతిసారీ సుత్తి దెబ్బలా అందుకుంటుంది. బలం దిక్కు మారేది ఎప్పుడు? ఆక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడు. అందుకే బిగ్ ఎండు పోయిన ఇంజను, రేజ్ చేసి కొద్దిగా వదిలిన క్షణంలో గబగబా కొట్టి బయటపడిపోతుంది.

ఏ సిలిండరుదో తెలుసుకునే పరీక్ష ఉంది. నాకు తెలిసిన పరీక్షల్లో ఇది అందరూ నేర్చుకోదగ్గది. ఇంజను ఐడ్లింగులో నడుస్తుండగా, పొడిగా ఉన్న ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గు తలని ఇంజను దిమ్మకి కలపాలి. ఆ సిలిండరులో మంట ఆగిపోతుంది, ఇంజను కుంటుతుంది. మంట తోపు పోయింది కనుక ఆ సిలిండరు రాడ్డు బేరింగు కొట్టేది అయితే మోత వెంటనే తగ్గుతుంది. నాలుగూ వరసగా ఆపి చూస్తే మూడింటిలో మారని చప్పుడు ఒకదాంట్లో మారుతుంది. దాని పేరు రాసుకోవచ్చు. పిస్టన్ పిన్ను వదులైతే మోత తగ్గడానికి బదులు రెండు దెబ్బలుగా చీలుతుంది. టాపెట్ల మోతకి మాత్రం మంట ఉన్నా లేకపోయినా ఒకటే, ఏమీ మారదు. బిగ్ ఎండు అని తేలాక ఆ కారుని ఇంటిదాకా కూడా నడపొద్దు. కొట్టే రాడ్డు బోల్టు తెగితే దిమ్మ పక్కనుంచి బయటికొస్తుంది, ఆ దిమ్మకి ఇక మరమ్మతు లేదు.

ఇంతదాకా రాకముందే తేలిపోయే చప్పుళ్లు చాలా ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట "బేరింగు పోయిందంటున్నారు, ఇంజను దించాలా మిస్త్రీ?" అని అడిగితే, పని తెలిసినవాడు "ఉండండి సార్, ముందు బెల్టు తీద్దాం" అంటాడు. ఫ్యాను బెల్టు తీసి ఇంజనుని ఒక్క నిమిషం నడిపితే చాలు. గరగర పోయిందంటే అది వాటర్ పంపుదో డైనమోదో. బెల్టు బిగించే ముందు రెండు పుల్లీలని చేత్తో తిప్పితే ఏదో కూడా తెలిసిపోతుంది. క్లచ్చు తొక్కగానే ఆగే మోత గేరుబాక్సులోది. తొక్కినప్పుడే వచ్చేది క్లచ్చు బేరింగుది. తొక్కగానే ముందునుంచి వచ్చే దబ్ దబ్ ఆగిపోతే క్రాంకుషాఫ్టు ముందుకీ వెనక్కీ జరుగుతోందని, థ్రస్టు వాషర్లు అరిగాయని అర్థం. ఇక అందరినీ మోసం చేసేది ఎగ్జాస్టు మానిఫోల్డు గ్యాస్కెట్టు. అక్కడి చిన్న పగులులోంచి తన్నుకొచ్చే గాలి అచ్చం టాపెట్లలాగే టిక్కుటిక్కుమంటుంది. తేడా ఏమిటంటే బండి భారం లాగేటప్పుడు పెరుగుతుంది, ఇనుము వేడెక్కి సందు మూసుకున్నాక తరచూ తగ్గుతుంది. ఎగ్జాస్టు గొట్టం చివర తడిగుడ్డతో కాసేపు అడ్డుపెడితే బుసబుసమని తన చోటు తానే చూపిస్తుంది.

ఘాటు రోడ్డు చప్పుడు వేరే జాతిది. నలుగురిని ఎక్కించుకుని అరకు ఘాటు ఎక్కుతూ టాపు గేరులోనే లాగిస్తుంటే, గాజుగోళీలు డబ్బాలో కదిలినట్టు గలగలమంటుంది. ఇక్కడ లోహం లోహాన్ని కొట్టడం లేదు. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట సిలిండరులో అవతలి మూలకి చేరేలోపే అక్కడి మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే భగ్గుమంటుంది. ఆ అదురుకి సిలిండరులోని వాయువు మొత్తం మోగుతుంది. 73 మిల్లీమీటర్ల బోరులో, అంత వేడి వాయువులో ఆ మోత పౌనఃపున్యం సుమారు 7,000 నుంచి 8,000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. నాకింగ్ అంటే ఇదే. గేరు మార్చి భారం తగ్గిస్తే ఆగాలి. తర్వాత డిస్ట్రిబ్యూటరుని కొద్దిగా తిప్పి మంటని ఆలస్యం చేసినా పోవాలి. రెండింటికీ లొంగకపోతే సిలిండరు తలలో బొగ్గు పేరుకుందేమో చూడాలి.

నాకింగ్‌ని అణచడానికి 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోల్లో సీసం సమ్మేళనం కలిపి చూశాడు. అది బాగా పనిచేసింది. దాంతోపాటే ప్రపంచమంతా గాలిలో సీసం పీల్చింది, పిల్లల మెదళ్లకి ఎంత హాని జరిగిందో తర్వాత తెలిసింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నాటికి సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది. అది జరగాల్సిన మంచిపని. కానీ అంతకుముందు తయారైన ఇంజన్లలో సీసం ఇంకో పని కూడా చేస్తుండేది. బి-సిరీస్ హెడ్డులో వాల్వు సీట్లు విడిగా ఉండవు, పోత ఇనుములోనే చెక్కి ఉంటాయి. మండిన సీసం వాటి మీద సన్నటి పొరగా పడి, ఎర్రగా కాలిన ఎగ్జాస్టు వాల్వు సీటుకి అతుక్కోకుండా కాపాడేది. ఆ పొర లేకపోతే వాల్వు మూసుకున్న ప్రతిసారీ అణువంత ఇనుము అతుక్కుని, తెరుచుకున్నప్పుడు పెళ్లగిలి వస్తుంది. ఊళ్లో మెల్లగా తిరిగే బండికి ఇది పెద్దగా తగలదు. హైవే మీద గంటల తరబడి వేగంగా పోయే బండిలో సీటు అరిగి వాల్వు పైకి పైకి, హెడ్డులోకి కూరుకుంటుంది.

అప్పుడు వినిపించేది ఏమిటి? ఏమీ వినిపించదు. వాల్వు హెడ్డులోకి కూరుకున్న కొద్దీ దాని కాడ రాకరుకి దగ్గరవుతుంది, టాపెట్ సందు మూసుకుపోతుంది, టిక్కుటిక్కు తగ్గుతుంది. "ఇంజను ఎంత మెత్తబడింది!" అని యజమాని సంతోషిస్తాడు. సందు పూర్తిగా పోయాక, వేడికి సాగిన వాల్వుకి గట్టిగా మూసుకునే చోటే ఉండదు. అంచులోంచి మంట బుసకొట్టి వాల్వుని కాల్చేస్తుంది. అప్పుడు మిస్సింగు మొదలవుతుంది. గొట్టం చివర కాగితం పట్టుకుంటే సమంగా బయటికి కొట్టుకోవడానికి బదులు ఉండుండి లోపలికి లాగుతుంది.

కనుక ఈ ఒక్క చోట చెవిని నమ్మకుండా రేకుతో కొలవాలి. రాకరు మూత తీసి, ముందునుంచి వెనక్కి వాల్వులకి 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోవాలి. ఈ ఇంజనులో గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క ఒకటుంది: మొత్తం తొమ్మిది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది కొలవాలి, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. ప్లగ్గులు తీసేస్తే ఇంజను చేత్తో తిరుగుతుంది. ఈ కుటుంబపు ఇంజన్లలో చాలావాటికి సందు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. మీ కారు పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం. ఫీలర్ గేజి రేకు సందులో కాస్త పట్టుకుంటూ జారాలి, బిగుసుకోకూడదు, వదులుగా ఊగకూడదు. కొలిచిన అంకెని, ఆ రోజు కిలోమీటర్ల రీడింగునీ పక్కపక్కన రాసిపెట్టుకోవాలి. 1, 4, 5, 8 ఎగ్జాస్టు వాల్వులు, సీటు అరిగేది వీటికే. కొలిచిన ప్రతిసారీ వీటిలో ఏదో ఒకదాని సందు తగ్గిపోతూ, మిగతావి స్థిరంగా ఉంటే హెడ్డు దించే రోజు వచ్చినట్టే. ఆ సీటు చెక్కించి గట్టి ఉక్కు రింగు వేయించాలి. మిగతా మూడు ఎగ్జాస్టు సీట్లకి కూడా అప్పుడే వేయించడం మంచిది, ఎందుకంటే అవీ అదే పెట్రోలుతో, అదే వేడిలో నడిచాయి.